నూటికి నూరూ వ్యవస్థకే

తప్పు నాదే. ఎనిమిది శాతం అని కాగితం మీద మొదట రాసినవాణ్ణి నేనే. మిగతా తొంభైరెండూ మా వాళ్ళు కలిపారు.

నా పేరు ఉదయ భాస్కర్. కాకినాడలో పౌరసేవల కంప్యూటర్ కేంద్రమనే మూడంతస్తుల భవనంలో పదకొండేళ్ళు తాత్కాలిక ఇంజనీరుగా పనిచేశాను. కులధ్రువీకరణ పత్రం దగ్గర్నుంచి చేపల బోటు లైసెన్సు దాకా జనం పెట్టుకునే దరఖాస్తులన్నీ రెండో అంతస్తులో ఉన్న నలభై యంత్రాల్లోకి వస్తాయి. ఆ యంత్రాలను మేం నోడ్లంటాం. ఒక్కో రకం పనిని ఒక్కో కంటైనర్‌లో, అంటే ఒక పెట్టెలో పెట్టి, ఏ నోడులో ఖాళీ ఉంటే అందులోకి తోస్తాం. పని పూర్తయితే కింద హాల్లో ప్రింటర్ కిర్రుమంటుంది, మనిషి కాగితం పట్టుకుని ఇంటికి పోతాడు.

నోడుకి సొంత పనులు కూడా కొన్ని ఉంటాయి. ఏ పెట్టె బతికి ఉందో ఏది పోయిందో చూసుకోవాలి, గడియారం సరిచేసుకోవాలి, క్షణక్షణానికీ పైనున్న పెద్ద యంత్రానికి 'నేనున్నాను' అని చెప్పుకోవాలి. వీటిని మా ఆఫీసులో వ్యవస్థ పనులంటారు. జనం పెట్టెలు వచ్చి మెమరీ మొత్తం ఆక్రమించేస్తే నోడుకి ఊపిరి పీల్చుకునే చోటుండదు, 'నేనున్నాను' అని చెప్పలేకపోతుంది. పెద్ద యంత్రం అది పోయిందనుకుని దాని పెట్టెలన్నీ తీసుకెళ్ళి పక్క నోడు నెత్తిన పడేస్తుంది. కాసేపటికి అదీ పోతుంది.

ఏప్రిల్ మొదటి వారంలో సరిగ్గా అదే జరిగింది. ఆదాయ ధ్రువపత్రాలకు ఆఖరు రోజు. ఉదయం పదకొండుకి మొదటి నోడు పడింది, భోజనాల వేళకి నలభయ్యీ పడ్డాయి. నేను కూర్చుని ఒక పేజీ నోటు రాశాను. ప్రతి నోడులోనూ ఎనిమిది శాతం చోటు వ్యవస్థ పనుల కోసం విడిగా ఉంచితే జనం ఎంత ఎగబడినా యంత్రం పడిపోదని దాని సారాంశం. ఈ పని తెలిసినవాళ్ళు ఎక్కడైనా చేసేదే. అలాగే పెట్టాం, మర్నాటి నుంచి ఒక్క నోడూ పడలేదు.

మా డైరెక్టర్ విశ్వపతి గారు కాగితాలు చదవరు, సంతకం పెడతారు. నా ఖర్మ కాలి ఆ ఒక్క కాగితం మాత్రం చదివారు. చదివి, అందరినీ సమావేశపరిచారు.

"యంత్రమే కూలిపోయిన నాడు ప్రజాసేవ అనునది ఎక్కడ జరుగును?" అని అడిగారు. మీటింగుల్లో ఆయన ఉత్తర్వుల భాషలోనే మాట్లాడతారు. "కనుక ప్రజల కంటె ముందు వ్యవస్థ. దీనిని ఈ కేంద్రపు మూలసూత్రముగా స్వీకరించుట జరుగుచున్నది."

అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. తాత్కాలిక ఉద్యోగి చప్పట్లు కొట్టకపోతే తొందరగా కనబడిపోతాడు.

"అయితే భాస్కర్, ఎనిమిదే ఎందుకు?" అన్నారాయన.

"కొలిచాం సార్. ఆరుకి మించి వాడటం లేదు. ఎనిమిది సరిపోతుంది."

"సరిపోవుట వేరు, నిబ్బరముగా ఉండుట వేరు."

అలా ఎనిమిది పదిహేనయింది. దీన్ని కనిపెట్టుకుని ఉండడానికి వ్యవస్థా ప్రాధాన్య సంఘం ఏర్పడింది. అధ్యక్షురాలు ఉపసంచాలకురాలు హైమావతి గారు. ఆవిడ చాలా పద్ధతైన మనిషి. పెన్ను మూత ఎటు తిరిగి ఉండాలో కూడా ఆవిడకి ఒక అభిప్రాయం ఉంటుంది. మొదటి రోజే ఆవిడకి న్యాయమైన సందేహం వచ్చింది. పదిహేను చాలుతోందో లేదో ఎవరు చూస్తున్నారు? చూడటానికి ఒక ప్రోగ్రాం రాయించారు. వ్యవస్థని చూసేది వ్యవస్థ పనే కనుక దానికీ చోటు కేటాయించారు. ఆ ప్రోగ్రాం సరిగ్గా చూస్తోందో లేదో చూడటానికి ఇంకొకటి పెట్టారు. రెండూ కలిసి చూసినదాన్ని గంటకోసారి రంగుల బొమ్మగా గీసి డైరెక్టర్ గారి గోడమీది తెరకి పంపడానికి మూడోది వచ్చింది. మే మొదటికి ముప్ఫయ్యారు శాతం.

ఇంతవరకూ ఫరవాలేదు. అసలు ముప్పు, సెక్షన్ల వాళ్ళకి ఒక రహస్యం తెలిసిపోయాక వచ్చింది. వ్యవస్థ పని అని పేరు పడ్డదాన్ని ఎవరూ కదపలేరు, దాని చోటు దానికి ఉంటుంది. జనం పనికి ఆ హామీ లేదు. చోటు తక్కువైతే నోడు ముందు జనం పెట్టెనే బయటికి తోసేస్తుంది.

ముందు హాజరు సెక్షన్ వాళ్ళు అర్జీ పెట్టారు. హాజరు లేనిదే ఉద్యోగి లేడు, ఉద్యోగి లేనిదే వ్యవస్థ లేదు, కనుక హాజరు పట్టిక వ్యవస్థ పని అన్నారు. సంఘం ఆమోదించింది. తర్వాత డైరెక్టర్ గారి పర్యటనల కార్యక్రమం వచ్చింది. దానికి వాదన కూడా అవసరం పడలేదు. ఉద్యోగుల సంక్షేమ సంఘం ఎన్నికల జాబితా వచ్చింది, వాహనాల షెడ్డు రిజిస్టరు వచ్చింది. చివరికి క్యాంటీన్ కాంట్రాక్టరు కూడా వచ్చి, ఈరోజు కూర ఏమిటో ముందే తెలియకపోతే సిబ్బంది మనసు పనిమీద నిలవదని, అది వ్యవస్థకి మంచిది కాదని అన్నాడు. హైమావతి గారు పసుపు రంగు పెన్నుతో ఆ వాక్యం కింద గీత గీసి, "పాయింటే" అన్నారు. క్యాంటీన్ మెనూకి అర శాతం ఇచ్చారు.

మే మూడో వారానికి డెబ్బయ్యొకటి. బయటికి తోసేసిన దరఖాస్తుల వాళ్ళకి ఫోనుకి ఒక సందేశం వెళ్ళేది. దాని పాఠం మా డైరెక్టర్ గారే స్వయంగా రాశారు. 'వ్యవస్థ భద్రత దృష్ట్యా మీ దరఖాస్తు సగౌరవముగా తొలగించబడినది. దయచేసి మరల ప్రయత్నించండి. మీ సహనమే మా బలము.'

ఆ సందేశం పట్టుకుని కొపనాతి నూకరత్నం గారు వచ్చారు. ఉప్పాడ మనిషి. యాభై దాటిన వయసు, గట్టి గొంతు. కింద హాల్లో ఎవరిని అడిగితే ఎవరు చెప్తారో తెలియక, మెడలో ట్యాగున్న నన్ను ఆపారు.

"బాబూ, నన్ను సగౌరవంగా తీసేసేరంట. ఎవరు తీసేసేరు? నేనేం సేసేను?"

"మిమ్మల్ని కాదండి. మీ దరఖాస్తుని."

"దరకాస్తు నాదే కదా బాబూ. బోటు నాది. అదికారులొచ్చి సూసేరు, కొలతలు రాసుకున్నారు, అంతా బాగుందన్నారు. కాయితం మాత్రం మీ మిషిన్లోంచి రావాలంట."

విషయం ఏమిటంటే, ఏటా ఏప్రిల్ మధ్య నుంచి జూన్ పద్నాలుగు దాకా సముద్రంలో మరబోట్ల వేటకి నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం. పదిహేనో తేదీ తెల్లారేసరికి తీరమంతా ఒక్కసారి కదులుతుంది. నూకరత్నం గారి బోటుకి లైసెన్సు మేలో తీరిపోయింది. కొత్తది లేకపోతే రేవు దాటనివ్వరు. బోటు నడిపే సరంగు ఆవిడ తమ్ముడు సింహాద్రి, అతని కింద వలలు లాగే కళాసీలు ఆరుగురు.

"పదిహేనుకి బోటు కదలకపోతే కళాసీలు ఆగరు బాబూ. ఆల్ల పిల్లల్ని ఆల్లు సూసుకోవాలి కదా. వేరే బోటెక్కేత్తారు. ఎక్కినోల్లు సీజనంతా దిగరు. మా ఆయన పోయినకాడి నుంచి ఆ బోటే మాకు కూడు. ఒక్క కాయితం బాబూ."

ఆవిడ దరఖాస్తు మళ్ళీ పెట్టాను. నా ముందే లోపలికి వెళ్ళింది, నా ముందే బయటికి వచ్చేసింది. సగౌరవంగా.

అప్పుడే విశ్వపతి గారు మెట్లు దిగుతున్నారు. హాలు పరిస్థితి చూడటానికి కాదు, కారెక్కడానికి. నూకరత్నం గారు ఎదురెళ్ళి నిలబడ్డారు. ఆయన ఆగి, చాలా ఓపిగ్గా, వ్యవస్థ అంటే ఏమిటో, దానికి చోటు ఎందుకు ఉంచాలో చెప్పారు. ఆవిడ అంతా విన్నారు.

"నాకర్దమైంది బాబుగారూ. మా బోట్లోనూ అంతేనండి. ఐసు, బియ్యం, నీల్లు, డీజిలు, ముందు అయి ఏసుకుంటాం. అయి లేకపోతే సముద్రంలో సచ్చిపోతాం. కానీ సేపలకి సోటు వదిలేత్తాం కదండీ? పైనుంచి కిందకి బియ్యం బస్తాలే నింపుకుంటే ఇంక యేటకెందుకండీ ఎల్లడం?"

విశ్వపతి గారి ముఖం వెలిగిపోయింది. నా ప్రాణం లేచొచ్చింది. హమ్మయ్య, అర్థమైందనుకున్నాను.

మర్నాడు సర్క్యులర్ వచ్చింది. 'నిరక్షరాస్యులైన మత్స్యకార సోదరీమణులు సైతము ముందుగా పడవ అవసరములకే చోటు కేటాయించుచున్న వైనము ఈ కార్యాలయ దృష్టికి వచ్చినది. వారు సముద్రములో చనిపోకుండుటకు ఇదియే కారణమని వారే స్వయముగా ధ్రువీకరించియున్నారు. కావున వ్యవస్థా కేటాయింపును ఎనుబది ఎనిమిది శాతమునకు పెంచుట జరిగినది.' చేపల సంగతి సర్క్యులర్‌లో లేదు. నూకరత్నం గారు పదో తరగతి పాసయ్యారని కూడా తర్వాత నాకు తెలిసింది.

ఆ సిద్ధాంతం యంత్రాలతో ఆగలేదు. భవనం కూడా వ్యవస్థలో భాగమే కదా అని హైమావతి గారికి తట్టింది. లిఫ్టు వ్యవస్థకి కేటాయించారు. కింద హాల్లో పన్నెండు ఫ్యాన్లుంటే పదకొండు వ్యవస్థ తరఫున పై అంతస్తుకి వెళ్ళాయి. బెంచీలు కూడా వెళ్ళాయి. మిగిలిన ఒక్క ఫ్యాను కింద జూన్ ఎండలో జనం వంతులవారీగా నిలబడేవారు. ఆ వంతులు వాళ్ళే వేసుకున్నారు, ఒక్క గొడవ లేదు. ఆ భవనంలో ఆ నెలలో సవ్యంగా నడిచింది అదొక్కటే.

జూన్ పదో తేదీన సంఘం ఆఖరి సమావేశం జరిగింది. మిగిలిన పన్నెండు శాతంలో జనం పెట్టెలు వస్తున్నాయి, తోసేయబడుతున్నాయి. ఇలా రావడం పోవడం వల్లే తెరమీద ఎర్ర చుక్కలు వస్తున్నాయని హైమావతి గారు రంగుల బొమ్మతో నిరూపించారు.

"అనగా ఈ కేంద్రములో అస్థిరతకు ఏకైక కారణము దరఖాస్తులే," అన్నారు విశ్వపతి గారు.

"గణాంకాలు అదే చెబుతున్నాయి సార్."

నేను చెయ్యెత్తాను. "సార్, దరఖాస్తుల కోసమే కదా ఈ యంత్రాలు పెట్టింది?"

ఆయన నా వైపు జాలిగా చూశారు. "భాస్కర్, నీ నోటులోనే ఉన్నది. జనమునకు ఎక్కువ చోటు ఇచ్చినచో వ్యవస్థ పడిపోవును. మేము నీ బాటలోనే నడచుచున్నాము." హైమావతి గారు నా నోటు తీసి అందరికీ చూపించారు. ఎనిమిది అంకె చుట్టూ పసుపు సున్నా చుట్టి ఉంది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

నూటికి నూరూ వ్యవస్థకే కేటాయించారు. తెర మొత్తం పచ్చగా మారింది. నలభై నోడ్లూ ఒకదాన్నొకటి చూసుకుంటూ, 'నేనున్నాను, నేనున్నాను' అని పెద్ద యంత్రానికి చెప్పుకుంటూ, క్యాంటీన్‌లో ఈరోజు దొండకాయ వేపుడని ప్రకటించుకుంటూ హాయిగా ఉన్నాయి.

పన్నెండో తేదీన నూకరత్నం గారు మళ్ళీ వచ్చారు. ఈసారి కేకలు లేవు. మెట్టు మీద కూర్చుని ఉన్నారు.

"ఇద్దరు కళాసీలు ఎల్లిపోయేరు బాబూ," అన్నారు. "నలుగురున్నారు. పద్నాలుగు సాయంత్రం దాకా సూత్తాం అత్తా అన్నారు. ఆల్లని అనడానికేం లేదు. మంచోల్లు కాబట్టి ఆమాత్రం ఆగేరు."

"పద్నాలుగున రండి," అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు. నా చేతిలో ఏముందని? ఇంటికి వెళ్ళాక చాలాసేపు ఆ మాటే నన్ను తిన్నది.

పద్నాలుగో తేదీ మధ్యాహ్నం మూడు గంటలకి మూడో అంతస్తులో అభినందన సభ పెట్టారు. రెండు నెలలకు పైగా ఒక్క నోడూ పడిపోనందుకు కేంద్రానికి రాజధాని నుంచి జ్ఞాపిక వచ్చింది. అందరూ పైకి వెళ్ళారు. యంత్రాల గదిలో నేనొక్కణ్ణే. కిటికీలోంచి కింద హాలు వరండా కనబడుతోంది. నూకరత్నం గారు, పక్కన పొట్టిగా నల్లగా ఒకాయన, అతనే సింహాద్రి కాబోలు, గోడకానుకుని నిలబడి ఉన్నారు. వాళ్ళ వెనక రెండు వందల మంది.

నాకు ధైర్యం ఎక్కువ లేదు. ఇంటి అద్దె, పాప ఫీజు, అన్నీ గుర్తొచ్చాయి. పైనుంచి మైకులో విశ్వపతి గారి గొంతు వినబడుతోంది. "ఒక్క పౌరుడు కూడ వ్యవస్థకు అంతరాయము కలిగింపలేని స్థితికి మనము చేరుకొన్నాము." చప్పట్లు మోగాయి. ఆ చప్పట్లకి నాకు ఒళ్ళు మండింది. కూర్చుని, నూరు కొట్టేసి, ఎనిమిది అని కొట్టాను.

నోడ్లు ఒక్క క్షణం తెల్లబోయినట్టు ఆగాయి. తర్వాత దరఖాస్తులు లోపలికి రావడం మొదలైంది. వారాల తరబడి గుమ్మం బయట నిలబడ్డవి, సగౌరవంగా గెంటేయబడ్డవి, అన్నీ వచ్చాయి. కింద ప్రింటర్ కిర్రుమంది. అన్నాళ్ళూ వినని చప్పుడు కావడంతో జనం మొదట బెదిరి వెనక్కి జరిగారు. ఆ తర్వాత ఒక్క ఉదుటున ముందుకొచ్చారు. ఎవరో పేర్లు గట్టిగా చదువుతున్నారు. నూకరత్నం గారి పేరు పదహారో నిమిషంలో వచ్చింది. ఆవిడ కాగితం అందుకుని సింహాద్రి చేతిలో పెట్టారు. అతను చదవలేదు, ఆగలేదు, మోటారు సైకిలు వైపు పరిగెత్తాడు.

ఇరవై రెండు నిమిషాల్లో మూడు వందల పన్నెండు కాగితాలు బయటికొచ్చాయి. ఒక్క నోడూ పడలేదు. కానీ హాజరు పట్టిక, పర్యటనల కార్యక్రమం, దొండకాయ వేపుడు బయటికి తోసేయబడ్డాయి. పైన సభలో తెర ఎర్రబడింది. 'హెచ్చరిక: లోపల ప్రజల పని జరుగుచున్నది' అని వచ్చిందట. విశ్వపతి గారు ప్రసంగం మధ్యలో ఆపేశారు. హైమావతి గారు చెప్పులు విడిచి మెట్లు దిగి వచ్చి, తన చేత్తోనే మళ్ళీ నూరు కొట్టారు.

మర్నాడు ఉదయం పదింటికి విచారణ. అప్పటికి తీరం మీది బోట్లన్నీ సముద్రంలో ఉన్నాయి.

"నీవు చేసిన పని ఏమిటో నీకు తెలియునా?" అన్నారు విశ్వపతి గారు.

"తెలుసు సార్. జనానికి కాగితాలు ఇచ్చాను."

"వ్యవస్థ కొరకు ఉంచిన చోటులో ఇచ్చితివి. కనుక అవి చెల్లవు. మూడు వందల పన్నెండునూ నేడే రద్దు చేయవలెను. ఆ ఉప్పాడ మహిళ బోటును సముద్రము నుండి వెనుకకు పిలిపించవలెను."

నా ఉద్యోగం పోతుందని నేను సిద్ధపడ్డాను గానీ, నలుగురు కళాసీల్ని నడిసముద్రం నుంచి వెనక్కి పిలుస్తారని అనుకోలేదు.

హైమావతి గారు మెల్లగా దగ్గారు. "సార్, చిన్న సాంకేతిక ఇబ్బంది. రద్దు ఉత్తర్వులు జనానికి వెళ్ళేవి. అంటే అదీ ప్రజల పనే. దానికి చోటు లేదు."

"వ్యవస్థ పనిగా ప్రకటించండి."

"ప్రకటించవచ్చు సార్. కానీ నూరూ నిండి ఉంది. మూడు వందల పన్నెండు రద్దులకి అర శాతం కావాలి. ఏదో ఒకటి తీయాలి."

హాజరు సెక్షన్ ఆయన, హాజరు తీస్తే ఈ విచారణకి ఎవరొచ్చారో రుజువుండదన్నాడు. సంక్షేమ సంఘం కార్యదర్శి, ఎన్నికల ముందు జాబితా ముట్టుకుంటే సమ్మె అన్నాడు. షెడ్డు వాళ్ళు బండ్లు ఎక్కడికి పోతాయో తమ పూచీ కాదన్నారు. పర్యటనల కార్యక్రమం పేరు ఎత్తడానికి ఎవరికీ నోరు రాలేదు. చివరికి అందరి చూపూ క్యాంటీన్ మెనూ మీద పడింది. సరిగ్గా అర శాతం. కాంట్రాక్టరుని పిలిపించారు. అతను చేతులు కట్టుకుని, "మీ ఇట్టం అండి. తీసెయ్యండి. రేపట్నుంచి ఏం కూరో నన్నడగద్దు, నేను వండే ముందు మిమ్మల్ని అడగను," అన్నాడు.

పన్నెండున్నర దాకా చర్చ సాగింది. భోజనం గంట కొట్టారు. విశ్వపతి గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"వ్యవస్థకు కేటాయించిన దానిని ఏ కారణము చేతను తగ్గింపరాదు. రద్దు ప్రతిపాదనను విరమించుకొనుట జరిగినది," అన్నారు. ఆయన్ని నేను మొదటిసారి మనస్ఫూర్తిగా గౌరవించాను.

నన్ను తీసేయడానికి మాత్రం శాతాలతో పని పడలేదు. హైమావతి గారు తెల్లకాగితం తీసి చక్కని దస్తూరీతో చేత్తోనే రాశారు, డైరెక్టర్ గారు నిలబడే సంతకం పెట్టారు, అటెండరు స్టాంపు వేశాడు. మొత్తం నాలుగు నిమిషాలు. కారణం అన్న గడిలో ఇలా ఉంది: 'వ్యవస్థ కొరకు ఉంచిన చోటును ప్రజల పనికి వాడినందున.'

రెండుసార్లు చదివాను. పదకొండేళ్ళలో ఆ ఆఫీసు నా గురించి రాసిన నిజం అదొక్కటే. ముట్టినట్టు సంతకం పెట్టి, కాగితం జేబులో పెట్టుకుని, మెట్లు దిగాను. కింద హాల్లో ఒక్క ఫ్యాను కింద వంతు ప్రకారం నిలబడ్డవాళ్ళు నన్ను చూసి, నిన్న కాగితాలు వదిలింది నేనేనని అప్పటికే ఎవరో చెప్పారు కాబోలు, చేతుల్లో దరఖాస్తులతో నా చుట్టూ మూగారు.

"బాబూ, ఇయ్యాల మిషిను ఎన్నింటికి తీత్తారు?" అని అడిగింది ముందున్నావిడ.